పాటకీ పాటకీ మధ్య

ఆంప్లిఫయర్ స్విచ్ వేయగానే, ఇంకా ఎవరూ తీగ మీటకముందే, స్పీకర్లోంచి సన్నటి హోరు వస్తుంది. అది చెవిన పడితే చాలు, నాకు డేనీ మాస్టారు గుర్తొస్తారు. ఈ ఉదయం హాలు తెరిచినప్పుడూ అంతే. మాస్టారు ఇప్పుడు లేరు. అయినా ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, నవ్వే వస్తుంది. ఆయన అలాంటి మనిషి మరి.

ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవారు. మిగతా రోజులు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, బ్యాండ్లకు సాధన చేసుకునే హాలు నడిపేవారు. కింద ఫిజిక్సు, పైన డ్రమ్సు! కింది లెక్చరరు పోట్లాటకు వస్తే టీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. పాపం, ఆయన వచ్చిన పని మరిచి రెండు పాటలు విని దిగిపోయేవాడు. సౌండ్ ఇంజినీరింగ్ చదివాక నేను చేరిన మొదటి ఉద్యోగం అక్కడే.

రికార్డింగ్ అద్దంలా ఉండాలనేది నా పట్టుదల. మాస్టారు పూర్తిగా నాకు ఎదురు. కుర్రాళ్లు చెప్పులు విప్పకముందే రికార్డింగ్ మొదలుపెట్టి, మళ్లీ చెప్పులేసుకుని మెట్లు దిగేదాకా ఆపేవారు కాదు. దగ్గులు, తిట్లు, సమోసా కాగితం చప్పుడు, అన్నీ ఎక్కేవి. ఈ చెత్తంతా ఎందుకని ఒకసారి విసుక్కున్నాను.

"పాటదేటుందమ్మా, రేపు మల్లీ పాడతారు. ఈ కబుర్లు మల్లీ సెప్తారేటి?" అన్నారు తాపీగా. నాకు ఒళ్లు మండిపోయింది.

'ఉప్పుగాలి' బ్యాండు దేశమంతా మారుమోగకముందు సాధన చేసింది మా హాల్లోనే. దాని గాయకుడు అప్పలరాజు జాలరి ఇంటి పిల్లాడు. తల్లి నూకాలమ్మ చేపలమ్మేది. పేరు బాగా వెలుగుతున్న రోజుల్లో రాజుకు గొంతు ఆపరేషనైంది. ప్రాణం దక్కింది గాని గొంతు పోయింది. మిగిలింది గుసగుసే. బ్యాండు ఆగిపోయింది. కొన్నాళ్లకు ఒక మ్యూజిక్ కంపెనీ, ఎవరూ వినని ఆ సాధన రికార్డింగులు విడుదల చేస్తామని కబురు పెట్టింది. మాటలు కోసేసి పాటలు మాత్రం కావాలంది. నాకు పండగే! అంతలో రాజు తల్లిని వెంటబెట్టుకుని హాలుకొచ్చాడు.

"అన్నీ సెరిపీండి మాస్టారూ. పోయిన గొంతు ఇని నానేటి సెయ్యాల?" అన్నాడు. ఆ నాలుగు మాటలకే ఆయాసపడ్డాడు.

ఆ రికార్డింగులకు ఇంకెక్కడా నకలు లేదు. మాస్టారు మాత్రం వాదించలేదు. "నీ గొంతు, నీ ఇష్టం నాయినా. ఒక్కపాలి ఇని, నువ్వే సెరిపెయ్" అన్నారు. నేను మంచి పాట కోసం వెతుకుతుంటే నా చెయ్యి పక్కకు నెట్టి, పాటకు ముందున్న మాటలు పెట్టారు.

స్పీకర్లో పాత రాజు నిండు గొంతుతో అరిచాడు. "ఆగండెహె! ఎవుడ్రా సుతి తప్పింది? నానేనా? సరే, మల్లీ మొదట్నుంచి. తొరగా కానీ బావా, మాయమ్మ కానాగంత సేపల పులుసు ఎట్టింది. సల్లారిపోతే సంపెత్తాది!"

నూకాలమ్మ గభాలున లేచింది. "ఏనాడైనా యేడిమీద తిన్నావేట్రా ఎదవా!" అని ఆ స్పీకర్నే తిట్టింది. కొడుకు పక్కనే కూర్చున్న సంగతి మరిచిపోయింది. ఆనక కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది.

"పాటలు ఊరందరి ఫోన్లలోనూ ఉన్నాయి బాబూ," అంది మాస్టారితో. "ఈ మాటలు నా కాడ నేవు. సెరపకండి."

రాజు లేచి నా దగ్గరకొచ్చి, "ఏటీ కొయ్యకండి. మాటల్తోనే ఇచ్చీండి" అన్నాడు. కంపెనీవాళ్లు గొణిగారు గాని రాజు పట్టు విడవలేదు. ఆ పులుసు గోలతో సహా రికార్డు బయటికొచ్చింది. రుషికొండ బీచి వైపు వెళ్లే కార్లలో కూడా విన్నాను.

హాలు ఇప్పుడు నా చేతిలో ఉంది. కాని మాస్టారి దగ్గర నేర్చింది నాకు ఎక్కువ అక్కరకొచ్చింది మా వంటింట్లో. ఒక్కోసారి చెప్పకుండా ఫోను పొయ్యి పక్కన పెట్టి, పీట వేసుకుని కూర్చుంటాను. ఆలస్యంగా వచ్చానని, చిక్కిపోయానని అమ్మ తిడుతూ పోతుంది. మొన్న చూసేసింది.

"ఏటే, రికార్డింగా? ముందే సెప్తే మాంచి కీర్తన పాడీదాన్ని కదే!"

"పాటొద్దమ్మా," అన్నాను. "ఆ తిట్టేదో కానీ."