పది దాకా లెక్కబెట్టే వదిన

మా పెద్ద ఆడబిడ్డ నాచారంలో కెమికల్ కంపెనీ ల్యాబులో పనిచేసేది. ఉప్పల్‌లో మా ఇంట్లో థయోయూరియా నీళ్ల సీసా పెట్టి, వచ్చినప్పుడల్లా నా పూజ వెండిని ఆ నీళ్లు పోసిన గిన్నెలో ముంచి, పది లెక్కబెట్టి తీసేది. నలుపంతా పోయేది.

"ఎక్కువసేపు ఉంచితే వెండినే తింటది. బడి మొహం సూడనిదానివి, నీకేం దెలుస్తది?" అనేది, చుట్టాల ముందే.

తాను నాకు పెట్టిన కుంకుమ భరిణె అచ్చమైన వెండి అని అందరికీ చెప్పుకునేది. శ్రావణ శుక్రవారం దాన్ని ఆ నీళ్లలోనే వేసి, హారతి అయ్యేదాకా ఉంచిన. పేరంటాళ్ల ముందు తీస్తే ఎర్రటి రాగి బయటపడింది.

"ఎంతసేపు ఉంచినవే?"

"పది దాకనే నేర్పిన్రు గద వదినా. ఆ పైన లెక్క నాకు రాదు."

ఆ మందు చూపించినందుకు ఆమె పేరు మీద రోజూ ఒక దండం పెట్టుకుంట. ఆమె వస్తే బొట్టు మాత్రం ఆ భరిణెలో నుంచే పెడత.