చెవి అందిన ఏడు

మా చిన్నప్పుడు బడిలో చేరాలంటే చెవి అందాలి... కుడి చెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవిని పట్టుకోవాలి. అందితే బడి. అందకపోతే ఇల్లు. కొత్తకోటలో మా సాలెవాడలో పుట్టిన తేదీ రాసిన కాగితం ఏ ఇంట్లోనూ ఉండేది కాదు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాతో కలిసి వచ్చే పక్కింటి పిల్ల బడి మాని మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చుంది. బాపు మగ్గం గుంటలోంచి లేవకుండానే చెప్పాడు.

"ఒక్కదానివి సడక్ దాటి పోవుడు వద్దు. తోడుంటె పో... లేకుంటె నువ్వు గూడ కండెలు సుట్టు."

తోడుకు ఇంట్లో ఒక్కతే ఉంది. మా చిన్నాయన కూతురు సుగుణ. నాలుగున్నరేళ్లది. చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, సుగుణ తొట్టెలలో ఉన్నప్పుడే ఒక మద్రాసు సేటు వెంట ఓడెక్కి మలయా పోయాడు. పినాంగులో బట్టల దుకాణంలో పని. సుగుణ తండ్రిని ఫోటోలోనే చూసింది.

దాని వేళ్లు చెవికి కాస్త పైనే ఆగిపోయేవి. వారం రోజులు రాట్నం వెనక కూర్చోబెట్టి నేర్పాను.

"మెడ జర గిట్ల వంచు... ఇంకా వంచు. సారు ముంగట నవ్వకు."

బడిలో సుగుణ నవ్వలేదు. చెవి అందింది.

"ఎప్పుడు పుట్టిందమ్మా?" అని పంతులు వెంట వచ్చిన చిన్నమ్మను, అంటే సుగుణ తల్లిని, అడిగాడు.

"బతుకమ్మ పండుగప్పుడు సారూ."

ఏ ఏటి బతుకమ్మో ఆయన అడగలేదు. రిజిస్టరులో ఆరేళ్లు అని రాసుకున్నాడు. ఆ పూట నుంచి మేమిద్దరం చెయ్యి చెయ్యి పట్టుకుని సడక్ దాటేవాళ్లం. బడిలో అది నా ఒళ్లో నిద్రపోయేది... నా చదువు నిలబడింది.

మరుసటి ఎండాకాలం పినాంగు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనే. గట్టిగా చదివాను.

"అన్నా... ఈడ కొత్త కానూను వస్తాంది. ఆరేండ్లు దాటిన పిల్లలను రానియ్యరట. ఐదేండ్లు మొగనికి ఎడంగ ఉన్న పెండ్లాన్ని గూడ రానియ్యరట. మాకు ఐదేండ్లు నిండనీకి కొన్ని నెలలే ఉన్నయి. తల్లీబిడ్డలిద్దరికీ జల్ది అర్జీ పెట్టు."

సుగుణకు అప్పుడు ఐదు నిండాయంతే. ఫికర్ లేదనుకున్నారు. చిన్నమ్మ రేకు సందూక కొని, ముందు సుగుణ గౌన్లే సర్దింది.

అర్జీ రాసే ఆయన బిడ్డ వయసుకు ఏదైనా కాగితం జతచేయమన్నాడు. ఊరి పెద్ద చేత రాయిస్తే సరిపోయేది. బాపు బడికి పోయి సర్టిఫికెట్ రాయించుకొచ్చాడు. "సర్కారు ముద్ర ఉన్న కాయిదం పెడితె కాదనేటోడు ఎవడు?" అన్నాడు. బాపుకు చదువు రాదు. ముద్ర చూశాడు, మడిచి పెట్టాడు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. తల్లికి అనుమతి ఉంది. బిడ్డకు లేదు. బడి కాగితం లెక్కన బిడ్డకు ఆరేళ్లు దాటాయి.

బాపు మమ్మల్ని వెంటబెట్టుకుని బడికి పోయాడు.

"సారూ, పోరికి ఐదేండ్లే. పాలపండ్లు గూడ ఊడలే. జర దిద్దుండ్రి."

"దిద్దితె నా నౌకరి పోతది. అయినా నేనేమన్న గాలిల రాసిన్నా? చెవి అందింది గద!" అని ఆయన సుగుణను దగ్గరికి పిలిచాడు. "పట్టుకో బిడ్డా."

సుగుణ నా వైపు చూసింది. మెడ వంచింది. చెవి పట్టుకుంది. నవ్వలేదు.

"సూసినవా?" అన్నాడు పంతులు.

నేను నోరు విప్పలేదు. నిజం చెబితే ఇద్దరినీ బడి మాన్పిస్తారు. అది నాకు తెలుసు.

ఇంట్లో మా అవ్వ, బాపు తల్లి, ఒకటే మాట మీద నిలబడింది. "నువ్వు పోకుంటె వాడు ఆడ్నే ఇంకోదాన్ని జూసుకుంటడు. నువ్వు ముందుగాల పో. పిల్లను ఎనుక తెప్పిచ్చుకోరాదూ?"

"ఎట్ల తెప్పిచ్చుకుంట అత్తా? అది దినదినం పెద్దగైతది గని చిన్నగైతదా?" అంది చిన్నమ్మ.

చిన్నమ్మ సందూకలోంచి గౌన్లు తీసి దండెం మీద వేసింది.

పోయే రోజు అందరం సడక్ మీద నిలబడ్డాం. కర్నూలు బస్సు వచ్చింది. చిన్నమ్మ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఇంట్లో ఇన్ని రోజులుగా గొడవంతా చెవి గురించేనని సుగుణకు అర్థమైంది... కిటికీ కిందికి పోయి, కుడి చెయ్యి తల మీద పెట్టుకుంది. ఈసారి మెడ నిటారుగా పెట్టింది. వేళ్లు చెవికి పైనే ఆపింది.

"అమ్మా, సూడు... అందుతలేదు. నేను గూడ వస్త."

బస్సు కదిలింది. అది చెయ్యి దించలేదు.

సుగుణ ఐదో తరగతి దాకా నాకు తోడు వచ్చింది. తర్వాత అది కండెలకు కూర్చుంది, నేను పై చదువులకు పోయాను. చిన్నమ్మకు పినాంగులో ఇద్దరు కొడుకులు పుట్టారు. ఆమె ఒక్కసారే తిరిగి వచ్చింది, సుగుణ పెళ్లికి. సుగుణ తల్లిని "మీరు" అంది.

మెడ వంచమన్నది నేనేనని సుగుణ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు... ఇవాళ్టి దాకా.

ఇప్పుడు పిల్ల దవాఖానలో పుడుతుంది, తేదీ, గంట, నిమిషం కాగితం మీదికి ఎక్కుతాయి. చెవి పట్టుకోమనే పంతులు ఏ బడిలోనూ లేడు. మీలో చెవి చూపించి బడిలో చేరినవాళ్లు ఉంటే రాయండి... మీకు మెడ వంచడం ఎవరు నేర్పారు?