ఊపిరి గొట్టంలో చీర ముక్క

మా వీధి చివరి షెడ్డులో ఇంజన్లు విప్పి కట్టే మేస్త్రీకి ఒక పట్టింపు ఉంది. కట్టిన ఇంజనుకు రంగు వెయ్యందే వాకిలి దాటనివ్వడు. "లోపల ఎంత చేసినా చూసేవాడికి కనిపించేది పైపైనే కదా" అంటాడు. రంగు తుంపర లోపలికి పోకుండా ప్రతి కన్నంలోనూ గుడ్డ కుక్కుతాడు. అందుకే వాళ్లింట్లో పాత చీరలు నిలవవు.

మొన్న ఒక పాత వ్యాను ఇంజనును అలాగే ముస్తాబు చేసి పంపాడు. వారం తిరక్కుండా, ఆయిలు బయటికి రాకుండా ఆపే వెనక సీలు దగ్గర కారుతూ తిరిగొచ్చింది. గేరుబాక్సు దించి కొత్త సీలు వేశాడు. మళ్లీ కారింది. సీళ్లు అమ్మింది సొంత బావమరిది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మేస్త్రీకి తెలియక కాదు, కోపంలో గుర్తుకు రాలేదు. వ్యాన్ల స్టాండులో డ్రైవర్లందరి ముందూ అరిచాడు.

"సొంతవాడని నమ్మి కొంటే నాకే నకిలీ సరుకు అంటగట్టాడు! వాడి కొట్టు గుమ్మం తొక్కకండి!"

మేస్త్రీ మాటంటే స్టాండులో గురి. నిజంగానే ఎవరూ తొక్కలేదు. బావమరిది కొట్టులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

ఈ ఉదయం వ్యాను మళ్లీ వచ్చింది. ఇంజను నడుస్తుండగా మేస్త్రీ ఆయిలు కొలిచే పుల్లను కాస్త కదిపాడు. పుల్ల చేతిని తోసుకుని పైకెగిరింది. పిస్టన్ల పక్కనుంచి కిందికి జారే పొగ బయటికి పోవడానికి ప్రతి ఇంజనుకూ ఊపిరి గొట్టం ఒకటి ఉంటుంది. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఎంత మంచి సీలైనా ఆయిలు కక్కాల్సిందే. ఈ పాఠం పదిమందికి చెప్పినవాడు ఆయనే. ఇంజను ఆపి, గొట్టం ఊడదీసి, కన్నంలో వేలు పెట్టాడు. మెత్తగా గుడ్డ తగిలింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

చుట్టూ ఎవరూ లేరని చూసి గుడ్డను గుప్పిట్లో దాచాడు. సరిగ్గా అప్పుడే బావమరిది కొత్త సీలు పట్టుకుని వచ్చాడు.

"తప్పు నాదే బావా. ఈసారి నేనే వెతికి మంచిది తెచ్చా. కోపం పెట్టుకోకు. అక్క కూడా నాతో మాట్లాడ్డం మానేసింది."

చెయ్యని తప్పు ఒప్పుకుంటున్న మనిషి ముందు మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. గుప్పిట విప్పాడు.

"గొట్టంలో ఉంది. నేనే పెట్టి మర్చిపోయా."

బావమరిది గుడ్డను అటూ ఇటూ తిప్పాడు. మసి కింద పసుపు అంచు కనిపించింది.

"ఇది నేను అక్కకి కొనిచ్చిన చీర కదూ?"

అంతకంటే తిట్టినా బాగుండేది. మేస్త్రీ అతని చెయ్యి పట్టుకుని స్టాండుకు లాక్కెళ్లాడు. డ్రైవర్లు చుట్టూ చేరారు. ఆ రోజు అంత పెద్దగా అరిచినవాడు ఇప్పుడు గొంతు సవరించుకున్నాడు. బావమరిదే అందుకున్నాడు.

"ఏం లేదన్నా, గొట్టంలో ఏదో అడ్డుపడిందంట. అంతే."

"ఏదో కాదు" అన్నాడు మేస్త్రీ. "నేను కుక్కిన గుడ్డ. సీలు మంచిదే. వీడూ మంచోడే."

చెప్తున్నంతసేపూ ఆయన ఎవరి మొహమూ చూడలేదు.