గిన్నెలో చెప్పిన మాట

ఈ రోజు పిల్లలిద్దరినీ ఇక్కడ సూరత్‌లో సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లాను. మా ఆవిడ పురిటికని కరీంనగర్‌లో తల్లిగారింటికి వెళ్లింది. బాబు పుట్టాడు, ఆమె ఇంకా రాలేదు.

అక్కడ హాలుకు రెండు చివర్లా మనిషెత్తు గిన్నెలు నిలబెట్టారు. ఒకదాంట్లో గుసగుసలాడితే రెండోదాంట్లో వినిపిస్తుంది.

"మాట శాన దూరం పోతది, ఏమన్న చెప్పు బిడ్డా" అని మా చిన్నదాన్ని అక్కడ నిలబెట్టి, నేను అవతలి గిన్నెకు చెవి పెట్టాను.

"మమ్మీ, తమ్మున్ని అమ్మమ్మకిచ్చేసి నువ్వు జల్ది రా."

రోజూ ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడే పిల్ల, ఈ మాట ఒక్కసారీ అనలేదు.

పిల్లలు పక్కకు పరుగెత్తాక నేనూ గిన్నెలో "జల్ది రావే" అన్నాను. అవతలున్న గుజరాతీ పెద్దాయన, 'జల్ది' ఒక్కటే అర్థమై, తనను తొందరపెడుతున్నాననుకుని పక్కకు జరిగాడు.

మీరైతే ఆ గిన్నెలో ఎవరిని పిలుస్తారు?