పుక్కిట నీళ్లు

కూసో బిడ్డా. గా ఫోను పక్కకు వెట్టి సక్కగ విను. నడుమ నడుమ లేచిపోతె నాకు తొవ్వ తప్పుతది. ఇంకోటి, నేను చెప్పింది చెప్పినట్టు రాస్తె సగం మందికి తెల్వది. అందుకే నా మాటలు నీ పుస్తకాల భాషల రాసుకో. గని అప్పటి మనుషులు అన్న మాటలు మాత్రం ముట్టకు. గవి ఎట్లున్నయో గట్లనే ఉండాలె. ఎందుకంటె గిదంత ఒక్క మాట మీద వచ్చిన పంచాయితి.

అవి సంఘం వాళ్లు దొరల మీద తుపాకులు పట్టుకుని తిరుగుతున్న రోజులు. జనగామ స్టేషనుకు అవతల ఒక వసతి బడి ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలో కలిగినవాళ్ల పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. దాన్ని ఎప్పటికైనా కాలేజీ చేయాలని బడిని నడిపే కమిటీ వాళ్ల కోరిక. చదువు చెప్పే పంతుళ్లకు కుర్చీలుండేవి. మాకు రోకళ్లుండేవి. మేము దంచేవాళ్లం. పిల్లలు తినే తిండి వడ్లుగానే వచ్చేది. మేము పొద్దున్నే దంచి చెరిగి ఇస్తేనే వంటవాళ్లు ఎసరు పెట్టేది. మా ఆడవాళ్లందరికీ పెద్ద మా అత్త. ఆమె రోకలి ఎత్తితే మేమూ ఎత్తాలి, ఆమె దించితే మేమూ దించాలి.

నేను మానుకోటలో, అదే మీరిప్పుడు మహబూబాబాద్ అంటున్నారే, అక్కడ మా అమ్మగారింట్లో పురుడు పోసుకుని, చంటిపిల్లను ఎత్తుకుని రైల్లో తిరిగొచ్చాను. నా మొదటి కాన్పు. మీ తాత రైలు పట్టాల పని మీద కాజీపేట దిక్కు ఉండేవాడు. పిల్లను చూడ్డానికి ఇంట్లో మా అత్త తల్లి ఒక్కతే, కళ్లు కనబడని ముసలామె. నేను మధ్యాహ్నం ఒకసారి ఇంటికి పరుగెత్తి, పాలిచ్చి, మళ్లీ వచ్చి రోకలి పట్టేదాన్ని. నాలాంటి పసిపిల్లల తల్లులు మాలో ఇంకా ఉన్నారు. అందరం అట్లాగే పోయి వచ్చేవాళ్లం. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

ఒకరోజు పొద్దున చూస్తే బడి గోడ మీద ఎర్రటి రాతలు. సంఘం వాళ్ల రాతలని చదివినవాళ్లు చెప్పారు. స్టేషను దగ్గరున్న క్యాంపు నుంచి పోలీసులు వచ్చి, పిల్లల పెట్టెలన్నీ తిరగేసి, సదర్ సాబును నిలబెట్టి అడిగారు. సదర్ సాబంటే బడికి పెద్ద పంతులు. ఆ రోజు నుంచి గేటుకు తాళం. పనివాళ్లు పొద్దున లోపలికి వస్తే పొద్దుగూకేదాకా బయటికి పోకూడదు. సంఘం చిట్టీలు మేమే మోస్తున్నామని వాళ్ల అనుమానం. తాళంచెవి గేటు దగ్గర సిపాయి నడుముకు ఉండేది.

మొదటిరోజు ఇంటికి పోయేసరికి నా పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. ముసలామె మేకపాలలో బట్ట ముంచి నోట్లో పెడితే కక్కేసిందట. రెండోరోజూ అంతే. తర్వాత పిల్ల ఏడవడమే మానేసింది. ఏడ్చినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. పగలంతా ఇక్కడ నా రవిక తడిసిపోయేది. అక్కడ నా పిల్ల పెదాలు ఎండిపోయేవి. నడుమ ఒక ఇనుప గేటు.

మా అత్త రోలు చుట్టూ ఉన్నవాళ్లను చూసి అన్నది.

"రేపటి సంది రోకలి ఎత్తద్దు. గేటు తీసినంకనే ఎత్తుదాం."

"తీయకపోతె?" అన్నది మాలో ఒకామె. నోరు గట్టిది.

"తీయకపోతె ఆ వడ్లు పొట్టుతోనే తింటరు."

లెక్కల పంతులు ఒకాయన మా మంచి కోరేవాడు. దంచేచోటికి వచ్చి, చుట్టూ చూసి, మా అత్తకు మెల్లగా చెప్పాడు.

"అవ్వా, గిది కూడ ఒక సంగమే. అందరు ఒక్కటై అడుగుడంటె సంగమే."

"ఓ సారూ, గా మాట నా ముంగట అనకు. గేటుకాడి సిపాయి ఇన్నడంటె మా దంచుడు సంగాన్ని తుపాకుల సంగమనుకుంటడు. మేము ఉట్టిగ మేము. గంతే."

"సరే, మీరు మీరే. గని ఇంకో మాట. రేపు కమిటీ దొర పిలుస్తడు, ఆయన ముంగట మాటకోసారి బాంచెన్ అనకు. నువ్వు నీ బాంచెనంటె ఆయన ఇంక దేనికి భయపడుతడు?"

"నేనెక్కడంటన్న బాంచెన్?"

"గిప్పుడంటివి గద."

"అన్ననా బాంచెన్?"

పిల్ల మీద అంత బెంగతో ఉన్నా నాకూ నవ్వొచ్చింది. బాంచెనంటే నీ కాళ్ల దగ్గర పడుండేదాన్ని అని అర్థం. కానీ ఆ అర్థం ఎవరికి గుర్తుండేది? పెద్దవాళ్లు ఎదురైతే అది దగ్గులాగా దానంతటదే వచ్చేది. ఆ రోజంతా మా అత్త ఒక్కతే గోడ వైపు తిరిగి "అట్ల గాదు దొరా, అట్ల గాదు దొరా" అని అనుకుంటూనే ఉంది.

మర్నాడు రోకళ్లు గోడకు ఆనించి కూర్చున్నాం. కాసేపటికి పిలుపొచ్చింది. ఆఫీసు వరండాలో కమిటీకి పెద్దయిన దొర కుర్చీలో ఉన్నాడు. ఆయన సంఘం వాళ్ల భయానికి ఊళ్లో తన గడిని, అదే కోటలాంటి ఇంటిని, వదిలి జనగామలో ఉంటున్నాడు. పక్కన సదర్ సాబు, కాగితం మీద రాసే గుమాస్తా. మా అత్త మెట్టెక్కి నిలబడింది. మేమంతా మెట్ల కింద ఉన్నాం.

"ఏమే, రోకళ్లెందుకు ఆగినయ్?"

"పసిపిల్లల తల్లులున్నరు దొరా. పగటీలి జరసేపు గేటు తీయమంటున్నం. పాలిచ్చి మల్ల వస్తరు."

"గేటు మాటంటె పోలీసోళ్ల హుకుం. నా చేతుల లేదు," అన్నాడు సదర్ సాబు.

"అట్ల గాదు సాబూ. మేము చిట్టీలు మోసెటోళ్లం గాదు. మాకు చదువే రాదు."

బాగానే మాట్లాడుతోంది. అప్పుడు దొర గొంతు తగ్గించాడు. ఆయన అరిస్తే తట్టుకోగలం కానీ, అట్లా మెల్లగా మాట్లాడితే మా తలలు వాటంతటవే వంగేవి.

"ఇను. మీరు గిట్ల సతాయిస్తె భూపాలపల్లి అడవి దిక్కుకెల్లి మనుషులను తెప్పిస్త. ఆళ్లు మీలెక్క నోరెత్తరు. గేటు సంగతి దసర ఎల్లినంక జూస్తం. అప్పటిదాక మారు మాట్లాడకుంట దంచుండ్రి. తెలిసిందా?"

"బాంచెన్," అన్నది మా అత్త.

దొర గుమాస్తా వైపు తిరిగాడు. "ఒప్పుకున్నది. రాసుకో. గంట కొట్టుమను."

గంట మోగింది. ఆమె మెట్టు మీద అట్లాగే నిలబడిపోయింది. ఏం జరిగిందో ఆమెకు అప్పటికి ఇంకా తెలియలేదు. కిందికి దిగాక ఆ నోరు గట్టి ఆమె ఎదురొచ్చింది.

"దసరదాక దంచుతనని ఒప్పుకున్నవ్ గద పెద్దమ్మా. మంచిగ చేసినవ్."

"ఎవలు ఒప్పుకున్నరు?"

"బాంచెనంటివి గద."

"బాంచెనంటె ఒప్పుకున్నట్టా? కుక్క అడ్డమొచ్చినా బాంచెనంటనే నేను."

"కుక్క రాయించుకోదు. దొర రాయించుకున్నడు."

ఎవరూ నవ్వలేదు. గంట కొట్టాక దంచకపోతే మాట తప్పినట్టని, సిపాయిని పిలుస్తారని కొందరు రోకళ్లు అందుకున్నారు. పెళ్లయినప్పటి నుంచి నేను నలుగురిలో మా అత్తకు ఎదురు చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

"అత్తమ్మా, నా పిల్ల దసరదాక ఉండదు."

ఆమె నన్ను చూసింది. పొద్దుగూకాక ఇంటికొచ్చి పిల్ల అరికాలు పట్టుకుని చూసింది. పాదం చల్లగా ఉంది. దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

మర్నాడు ఆమె రోకలి ముట్టలేదు. దానితో ఇంకెవరూ ముట్టలేదు. మళ్లీ దొరతో మాట్లాడాలని కబురు పంపింది. పిలుపు రాగానే నన్ను నీళ్ల గోలెం దగ్గరికి తీసుకుపోయింది.

"నా నోరు నా మాట వింటలేదు. ఇయ్యాల నువ్వు మాట్లాడు."

"నేనా అత్తమ్మా? దొర ముంగటనా?"

"పిల్ల నీది. పాలు నీయి. నువ్వు మాట్లాడితె తప్పేంది?"

"మరి నువ్వు రావా?"

"వస్త. నేను లేకపోతె ఆళ్లు నిన్ను లెక్క చెయ్యరు."

చెంబుతో నీళ్లు ముంచి నోటి నిండా పట్టింది. బుగ్గలు రెండూ ఉబ్బాయి. మింగలేదు, ఉమ్మలేదు. అట్లాగే మెట్టెక్కింది. నేను వెనకాలే ఎక్కాను.

దొర కోపంతో ఉన్నాడు. "ఒప్పుకుని పోయి మల్ల రోకళ్లు ఆపినవంటె ఏమనుకోవాలె? నీ మాటకు ఇలువ లేదా?"

మా అత్త తల అడ్డంగా ఊపింది.

"నోట్లె ఏం వెట్టుకున్నవే? తంబాకా?"

మళ్లీ అడ్డంగా ఊపింది.

"గేటు తెరుసుడు గాదు. తెలిసిందా?"

అని ఆగాడు. ఆ మాట తర్వాత ఎప్పుడూ ఏం వినబడుతుందో దాని కోసమే ఆగాడు. అది రాలేదు. మా అత్త పెదవి మూల నుంచి ఒక నీటి చుక్క గడ్డం మీదికి జారింది. మింగేస్తుందేమో, మింగితే ఆ మాట వచ్చేస్తుందేమోనని ఆమె గొంతు వైపే చూస్తున్నాను.

"తెలిసిందా అంటున్న," అన్నాడు మళ్లీ. ఎప్పుడూ నిండే చోటు ఖాళీగా ఉండేసరికి ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

సదర్ సాబు నడుమ వచ్చాడు. "దొరా, నిన్న పిల్లలు అటుకులు తిని పండుకున్నరు. ఇండ్లకు కార్డులు రాస్తమంటున్నరు. గేటు తల్లులకు తీయకున్న, ఆ పసిపిల్లలనే లోపటికి తెప్పిస్తె ఎట్లుంటది?"

దొర ఆలోచించాడు. "తెచ్చినోళ్లు గేటు బయటనే ఉండాలె. పిల్లలకు చుట్టిన బట్ట సిపాయి ముంగట ఇప్పి చూపియ్యాలె. గంట కొడితె మొదలు, మల్ల గంట కొడితె బందు. ఏమంటవ్?"

మా అత్త నా వైపు తిరిగింది. ఇప్పుడు ఒప్పుకోవాలి. కానీ దొర ముందు ఒప్పుకోవడానికి నాకు తెలిసిన మాట ఒకటే. అది అంటే నిన్నటిలాగా ఇంకేం రాసుకుంటారో. అప్పుడు మా నాయిన గుర్తొచ్చాడు. మానుకోట అంగట్లో ఎడ్లను బేరం చేసి, కుదిరితే అమ్మేవాడి చేతిలో చెయ్యి వేసి ఒక మాట అనేవాడు.

"మంచిది," అన్నాను.

"ఏందీ?"

"పిల్లలను లోపటికి తెచ్చుడు మంచిది దొరా. బట్ట ఇప్పి చూపుడు మంచిది. గంట మాత్రం కుదరది. పిల్ల కడుపు గంటతోని నిండది. తాగినంక తీస్కపోతరు."

"మంచిదంట," అన్నాడు దొర సదర్ సాబుతో. "నాతోని బేరం జేస్తుంది గీ పోరి."

"బేరమే దొరా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

సదర్ సాబు దొర ముఖం చూశాడు. దొర లేచి చెప్పులేసుకున్నాడు. "కానీయుండ్రి," అని వెళ్లిపోయాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాయించి, పైకి చదివించి వినిపించుకున్నాకే మేము మెట్లు దిగాం. మా అత్త గోడ పక్కకు పోయి నీళ్లు ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుంది. మెట్ల కిందే ఉండి అంతా విన్న లెక్కల పంతులు ఎదురొచ్చాడు.

"ఇగ మాట్లాడచ్చునా బాంచెన్?" అని అడిగింది మా అత్త ఆయన్ని.

ఆ రోజు మధ్యాహ్నం ముసలామెను చెయ్యి పట్టుకుని పక్కింటామె నడిపించుకొచ్చింది. పిల్ల ముసలామె చంకలో ఉంది. గేటు దగ్గర సిపాయి బట్ట విప్పి చూశాడు. ఎముకల మీద తోలు తప్ప చిట్టీలేమున్నాయి అక్కడ? కమ్మీల సందులోంచి నేను చేతులు చాపాను. లోపలికి ఇచ్చారు. రోటి పక్కన కూర్చుని పాలు పట్టాను. పిల్ల నోరు తెరవలేదు. మళ్లీ పెట్టాను. తల పక్కకు వాలింది. దంచేవాళ్లంతా రోకళ్లు ఆపేశారు. మా అత్త పక్కన కూర్చుని పిల్ల అరికాలు గీరింది, చెంప తట్టింది, పెదవుల మీద పాలచుక్క పడేట్టు పట్టుకుంది. చాలాసేపటికి నాలుక కదిలింది. తర్వాత పట్టింది. గుటక పడిన చప్పుడు వినబడింది, మళ్లీ ఇంకోటి. నా కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు.

ఇంతలో గంట మోగింది. గంట లేదన్న మా ఒప్పందం గేటు దాకా ఎవరూ చెప్పలేదు. సిపాయి లోపలికి వచ్చి, "చాలు చాలు, టైమయింది, ఇటియ్యి," అని చెయ్యి చాపాడు. మా అత్త లేచి నాకూ వాడికీ నడుమ నిలబడి, కొంగు నడుముకు చుట్టి, "జర ఆగు సిపాయీ, దొర ఒప్పుకున్న మాట నీకు ఎవలు చెప్పకపోతె నేను చెప్త, పిల్ల తాగుడు అయ్యేదాక" అని ఇట్లా చెయ్యి అడ్డంపెట్టి ఆ సిపాయిని...

"అమ్మా, బువ్వ సల్లగైతుంది. ఎంతసేపు పిలవాలె?"

అదిగో, ఆ పిల్లే పిలుస్తోంది.