బల్ల దగ్గర మా అమ్మ అడిగిన గట్టు

మా చిన్నతనంలో నెల మొదటి ఆదివారం వస్తే ప్రార్థనామందిరంలో రొట్టె పళ్లెం పట్టేముందు ఒక ఆనవాయితీ ఉండేది... ఎవరి మీదైనా కోపం ఉంటే లేచి వెళ్లి, వందనాలు చెప్పి సమాధానపడాలి. ఆ తరవాతే బల్లలో, అంటే ప్రభువు పేరున పంచే ఆ రొట్టెలో, చెయ్యి వెయ్యాలి.

ఏలూరు నుంచి కొల్లేటి వైపు దిగితే మా ఊరు. సంఘపెద్ద పరంజ్యోతిగారి చేపల చెరువు పక్కనే మా పొలం. ఆ ఏడు వానలకు చెరువు పొర్లబోతే, నీళ్లు మా పొలంలోకి పోయేలా ఆయన పార పట్టుకుని మా గట్టు తెంపారు. అమ్మ కళ్లారా చూసింది. చేతికొచ్చిన వరి నీళ్లలో కుళ్లింది. గట్టు మళ్లీ వేయకపోతే రెండో పంట, దాళ్వా నాటు కూడా లేనట్టే...

ఆయన మాత్రం ప్రతి నెలా అందరిముందూ చేతులు జోడించేవారు. గొడవెందుకని నాన్న తిరిగి జోడించేవారు.

ఒక నెల మొదటి ఆదివారం ఆయన ఆడవాళ్ల చాపల వైపు, అమ్మ దగ్గరికి వచ్చారు.

"వందనాలమ్మా రూతమ్మా."

"వందనం తరవాతండి. ముందు గట్టు వేయించండి."

"వానకి తెగిందమ్మా... దేవుడి చిత్తం."

"దేవుడి చేతిలో పార ఉందాండీ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు లేచారు. "క్షమించాలి కదమ్మా..."

"క్షమించానండి అయ్యగారూ. గట్టు ఇంకా తెగే ఉందండి."

పళ్లెం వచ్చింది. అమ్మ ముక్క తీసుకోకుండా పక్కావిడకి అందించింది. ఆవిడా తీసుకోలేదు. చాపల మీద ఆడవాళ్లందరూ అలాగే దాటించారు. నిండు పళ్లెం పరంజ్యోతిగారి చేతికి వెళ్లింది. అంతమంది వదిలేసిన రొట్టె ఆయన ఒక్కరే తినాలి, లేదా మానాలి. ఆయన మానేశారు.

ఆయన ముఖం చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. అది విశ్వాసి గుణం కాదని తెలుసు.

ఆ వారమే కూలీలతో వచ్చి, తనూ మట్టి మోసి గట్టు వేయించారు. మధ్యాహ్నం అమ్మ ఆయనకీ అన్నం పెట్టింది, మట్టగిడస చేపల పులుసుతో.

"ఇంకాస్త వేసుకోండి. పని చేశారుగా" అంది. ఎగతాళి లేదు. ఆయన తలెత్తలేదు. ముల్లు గొంతులో గుచ్చుకుంటుందేమోనని నేను ఆశగా చూశాను... గుచ్చుకోలేదు.

ప్రేమ, సహనం, దయ అని ఆయన వేదిక మీద చెప్పగా చాలాసార్లు విన్నాను. కంచం ముందు ఆయన తల దించుకున్న ఆ పూటే ఆ మాటలు మొదటిసారి నమ్మాను. అయినా నేను క్షమించలేదు. అమ్మకి వచ్చినది నాకు రాలేదు.

ఇప్పుడు మా మందిరానికి పాలరాయి వేశారు, చాపలు పోయి కుర్చీలొచ్చాయి. వందనాలు ఫోనులో వస్తున్నాయి, రోజూ పొద్దున్నే, పువ్వుల బొమ్మలతో... ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

మీ ఊళ్లో అలా నిలబెట్టి అడిగిన మనిషి ఉంటే చెప్పండి... ఆ రోజు ఎదుటివాళ్ల ముఖం ఎలా మారిందో కూడా రాయండి. నాకు అదే కావాలి.