మాస్టారి వంతు

మా గిటార్ మాస్టారు పోయారని ఆదోని నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "నిద్దర్లోనే పోయినాడక్కా, ఏం కష్టపడలేదు" అని తనే నన్ను ఓదార్చింది. అప్పుడు నేను ఎమ్మిగనూరులో, మా ఇంటి వసారాలో నాయన మగ్గానికి దారం కండెలు చుడుతున్నాను. చేతిలో దారం అలాగే ఉండిపోయింది. మీలో చాలామందికి ఆయన తెలియదు. ఆదివారం చర్చిలో గిటార్ వాయించేవారు, మిగతా రోజులు పత్తి మిల్లులో పని. పాఠం చెప్పేటప్పుడు కూడా జుట్టులో దూది పోగులు ఉండేవి.

ప్రార్థన అయిపోయే వేళకు నేను బస్సులో చేరేదాన్ని. మాది చర్చికి వెళ్లే ఇల్లు కాదు. ఆయన ఆ మాట ఏనాడూ ఎత్తలేదు, "సంగటి తింటివా?" అని మాత్రం అడిగేవారు. మొదట నేర్పింది పాట మాటల మీద సి, జి అని రాసే ఇంగ్లీషు అక్షరాలు. అక్షరం ఉన్నచోట వేళ్ల పట్టు మార్చాలి, అంతే. అది తొందరగానే వచ్చింది.

రెండోది ట్యాబ్. ఆరు తీగలకు ఆరు గీతలు, గీత మీద ఏ అంకె ఉంటే ఆ మెట్టు దగ్గర నొక్కాలి. ఇక్కడే నేను బొక్కబోర్లా పడ్డాను. మగ్గం ఇళ్లలో అంచు డిజైను వేసిన గళ్ల కాగితాన్ని కింది వరస నుంచి పైకి చదువుతారు. నేనూ అలాగే అడుగు గీతను ఒకటో తీగ అనుకున్నాను. ట్యాబ్‌లో ఒకటో తీగ పైన ఉంటుంది! పాట మొత్తం తలకిందులైంది. మాస్టారు మధ్యలో ఆపలేదు, చివరిదాకా తల ఊపుతూ విన్నారు.

"యాడ నేర్సుకుంటివమ్మా ఈ పాట?"

"మీరిచ్చిందే సార్."

"మీ నాయన చీర నేసినట్ల కింద నుంచి పైకి నేసినావు. పాడైందేం లే, ఇంకో రకం చీర అయింది" అని ఆయన నవ్విన నవ్వుకు గ్లాసులో టీ ఒలికింది.

మూడోది ఐదు గీతల రాత. అదంటే నాకు ఒళ్లు మంట. అంకెలు ఉండవు, అన్నీ చుక్కలూ తోకలూ. ఇద్దరు కలిసి వాయించే పాట ఒకటి ఆ రాతలో ఆయన దగ్గర ఉండేది. పై వరస ఆయనది, కింది వరస నాది. "ఇది నువ్వు సదివినరోజు ఇద్దరం చర్చిలో వాయిస్తాం" అని ఎంత ఆశపడేవారో. ట్యాబ్‌లో రాసిమ్మంటే ఒప్పుకునేవారు కాదు. "దాంట్లో యాడ నొక్కాలో ఉంటాదిమ్మా. ఎంతసేపు ఊరుకోవాలో దీంట్లోనే ఉండేది." నిజమే, చప్పుడు లేని చోటుకు కూడా అందులో ఒక గుర్తు ఉంది. నేను ఆ గుర్తులను దాటేసి ముందుకు పరిగెత్తేదాన్ని.

ఆ రాత నాకు పట్టుబడేసరికి ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయి పడిపోయింది. కిందటి నెల వెళితే మంచం మీద కూర్చుని, నా వరస వాయించమన్నారు. తన వరసను కుడిచేతి వేలితో మంచం పట్టె మీద తట్టారు. సగంలో వేలు ఆగింది.

"నా వంతు నువ్వే మింగేస్తాండావు పాపా. ఆడ ఆగాల. ఆడ నేనుండాను."

మళ్లీ మొదలుపెట్టబోతే అలసిపోయారు. ఈసారి వచ్చినప్పుడు చూద్దామనుకున్నాం. చర్చి వద్దు, జనం వద్దు, ఆ మంచం పక్కన ఒక్కసారి సరిగ్గా ఆగి ఉంటే చాలు కదా అనిపిస్తుంది.

సమాధి చేసి వచ్చిన మరునాడు ఆయన కూతురు నాకిచ్చిన ఆ పాట కాగితం ముందు పెట్టుకుని గిటార్‌తో కూర్చున్నాను. పక్కనే గుంట మగ్గంలో నాయన చీర నేస్తున్నాడు. నా వరస వాయిస్తూ, గుర్తు రాగానే తీగల మీద అరచేయి వేసి ఆపాను.

"ఏమ్మా, నిలిపితివే? మర్సిపోతివా?"

"లేదు నాయనా. ఈడ సార్ వాయించాల."

నాయన, అడ్డదారం విసిరే నాడెను చేతిలోనే పట్టుకుని, ఆ వంతు అయ్యేదాకా మగ్గం తొక్కకుండా కూర్చున్నాడు.